దమ్ము ఒకటి, మంట ఒకటి

ఏళ్ళ తరబడి బొగ్గుబాయిలోకి దిగింది మా ఆయన. ఊపిరితిత్తులు చెడింది మాత్రం నాకు.

ఈ మాట చెబితే గోదావరిఖనిలో ఎవరైనా నవ్వుతారు. దవాఖానలో ఎక్స్‌రే తీసే ఆయన కూడా నవ్వాడు. కంపెనీ వాళ్ళు కార్మికులకు చేయించే పరీక్ష కోసం మా ఆయన వెళుతుంటే, ఎలాగూ పోతున్నాం కదా, నా దగ్గు సంగతి కూడా చూపించుకుందామని వెంట వెళ్ళాను. ఇద్దరి ఫిల్ములూ పక్కపక్కన పెట్టి వెలుతురుకు పట్టి చూశాడాయన.

"ఇంతకు బాయిల దిగేది అన్ననా, నువ్వా అమ్మా?" అన్నాడు.

మా ఆయన గట్టిగా నవ్వాడు. ఇంటికొచ్చాక వాళ్ళమ్మకు చెప్పి ఇంకోసారి నవ్వాడు. నేనూ నవ్వబోయాను. నవ్వు దగ్గుగా మారింది. ఆ రోజుల్లో నాకు ఏదైనా దగ్గుగానే మారేది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన కాలమది. కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న వాకిలి. మా ఆయన నాకు మేనబావే. మా నాన్నకు సొంత అక్క మా అత్తమ్మ. పెళ్ళికి ముందు ఆమె ఒళ్ళో పడుకుని జడ వేయించుకున్నదాన్ని. మా ఆయన బాయి లోపల బొగ్గు టబ్బులను లాగే యంత్రం నడిపేవాడు. నేను దగ్గర్లోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఒక్కతే కూతురు, కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేది, సెలవులకే ఇల్లు చేరేది.

మా నాన్నదీ బొగ్గు పనే. మందమర్రి క్వార్టర్లలో పుట్టి పెరిగాను. అందుకని పొయ్యి అంటించడం అక్షరాలకన్నా ముందు వచ్చింది నాకు. కంపెనీ బొగ్గు ఇచ్చేది కాబట్టి ఏ ఇంట చూసినా బొగ్గుల పొయ్యే. పిడకలూ పుల్లలూ పేర్చి, నాలుగు చుక్కలు గ్యాసునూనె, అదే కిరసనాయిలు, పోసి అంటించి, పైన బొగ్గు వెయ్యాలి. పసుప్పచ్చటి పొగ పోయేదాకా బయట ఉంచి, నిప్పులు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకోవాలి. అది పద్ధతి. వాన పడుతున్నప్పుడు, చలి కోస్తున్నప్పుడు, మగవాళ్ళకు డ్యూటీ టైం అవుతున్నప్పుడు పద్ధతి ఎవరికి గుర్తుంటుంది? వంటింట్లోనే అంటించి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గొట్టంతో ఊదేవాళ్ళం. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఆ నిప్పుల మీదే అన్నం వండేవాళ్ళం.

తర్వాత మా క్వార్టర్‌కు గ్యాసు సిలిండర్ వచ్చింది. దాని మీద ఎర్ర గుడ్డ కప్పి మూలన పెట్టింది అత్తమ్మ. చుట్టాలొస్తే టీ పెట్టడానికి మాత్రం తీసేది.

"సిలిండర్ మీద ఉడికిన బువ్వ తింటే కడుపుల గ్యాసు పట్టుకుంటది పిల్లా. రుసి ఉండది, పసి ఉండది" అనేది.

నా దగ్గు వదలకపోయేసరికి మా క్వార్టర్ల లైన్లో అందరూ టీబీ అన్నారు. ముందు చాటుగా అన్నారు, తర్వాత మొహం మీదే అన్నారు. పరీక్షల ఫలితం రాకముందే అత్తమ్మ నా కంచం, చెంబు వేరు చేసి కిటికీలో పెట్టింది. టీబీ లేదని తేలింది. కంచం మాత్రం కిటికీలోనే ఉండిపోయింది. ఎందుకు తియ్యలేదని నేనూ అడగలేదు. అడిగితే, "అయ్యో, మర్చిపోయిన బిడ్డా" అంటుంది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి నోట ఆ అబద్ధం వినడం నాకు ఇష్టం లేకపోయింది.

ఛాతీ డాక్టర్ పెద్దాయన. మాటల్లో నాన్చుడు లేదు.

"బీడీ తాగుతవా?" అని అడిగాడు.

"లేదు సార్."

"ఇంట్ల వంట దేని మీద?"

"బొగ్గుల పొయ్యి మీద సార్."

"అదే బీడీ. చిన్నప్పటిసంది తాగుతున్నవ్. ఊపిరి పోయే గొట్టాలు లోపల వాచి ఇరుకైనయి."

"తగ్గుతదా సార్?"

"తగ్గదు. ఇంతకంటె ముదరకుండ చూసుకోవాలె. ముందు ఆ పొయ్యి బంద్ చెయ్యి."

నోట్లోకి మందు పీల్చుకునే పంపు ఇచ్చాడు, గోలీలు రాశాడు. ఇంటికొచ్చి పొయ్యి సంగతి చెప్పాను. అత్తమ్మ చాటలో బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు.

"మా అవ్వ గా పొయ్యి మీదనే వండింది. నేను వండిన, నీ తల్లి వండింది. మాకు రాని రోగం నీకే ఎట్ల వచ్చిందే? బడికి పోయి నీడపట్టున కూసుండే ఒళ్ళు నీది. గంతే."

మా ఆయన పంపు మాత్రం నలుగురిలో తియ్యొద్దన్నాడు. అదొకసారి అలవాటైతే చచ్చేదాకా వదలదని ఎవరో చెప్పారట. వదలనిది పంపు కాదు, జబ్బు అని చెప్పాను. వినలేదు.

సరే, ఆ ఆయాసంతో, మా వాళ్ళు దమ్ము అనేదానితో, బతకడం నేర్చుకున్నాను. సగం మెట్లెక్కి ఆగడం, బకెట్ సగమే నింపడం, ఒక వాక్యాన్ని రెండు ముక్కలు చేసి చెప్పడం. అంతా ఒక దారిలో పడింది అనుకునేలోపు మంట మొదలైంది.

మొదట్లో అది రొమ్ముల నడుమ ఎక్కడో చిన్న వేడిగా ఉండేది. తర్వాత తిన్న ప్రతిసారీ పైకి పాకేది. ఇల్లు తుడవడానికి వంగితే పుల్లటి నీళ్ళు గొంతులోకి వచ్చేవి. పడుకుంటే ఇంకా ఎక్కువ. నిద్రలో ఆ నీళ్ళు గొంతు దాకా వచ్చి ఊపిరి దారిలోకి జారేవి. ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుని, గోడ పట్టుకుని దగ్గేదాన్ని. దగ్గిన కొద్దీ కడుపు బిగుసుకుని ఇంకిన్ని పుల్లటి నీళ్ళు పైకి తన్నేవి. ఆ నీళ్ళకు గొంతు మండి మళ్ళీ దగ్గు. ఏది ముందు, ఏది వెనక అని తెలిసేది కాదు. దమ్ముకు వేసుకునే గోలీలు కడుపులో చిచ్చు పెట్టేవి. కడుపులో చిచ్చు దమ్మును లేపేది. రెండు జబ్బులూ తోడికోడళ్ళలా నా మీద వంతులేసుకున్నాయి.

దమ్ము అంటే జనానికి భయం ఉంది, కొంచెం గౌరవం కూడా ఉంది. మంట అంటే అదేమీ లేదు. "గ్యాసు" అని ఒక్క మాట అనేస్తారు, అయిపోతుంది. గ్యాసుకు మందు చెప్పని మనిషి మా లైన్లో లేదు. ఒకామె వాము నమలమంది. ఒకామె సోడా తాగి పెద్దగా తేన్చమంది. ఇంకొకామె పరగడుపున నిమ్మకాయ పిండుకుని తాగమంటే, నా తెలివి తక్కువకు తాగాను. ఆ పూటంతా కడుపు పట్టుకుని వాకిట్లో చుట్టచుట్టుకుని కూర్చున్నాను. "సూసినవా, సిలిండర్ మీద ఛాయ తాగుతది గద" అంది అత్తమ్మ.

ఛాతీ డాక్టర్‌కు మంట గురించి చెబితే, "అది నా పని కాదమ్మా, కడుపు డాక్టర్‌కు చూపించుకో" అన్నాడు. మంచిర్యాలలో ఒక కడుపు డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. నా గోలీలన్నీ బల్ల మీద పరిపించుకుని, "ఇవి మింగుతుంటే మంట రాక ఏమొస్తుంది? ముందు ఇవి ఆపెయ్" అన్నాడు. ఆపేశాను. మంట కొంచెం తగ్గింది కూడా. ఆ వారం తిరగకుండానే, బడికి నడిచి పోతుంటే ఊపిరి ఆడక రోడ్డు పక్కన కూలబడ్డాను. కిరాణా దుకాణం ఆయన ఆటో ఎక్కించి దవాఖానలో పడేశాడు. ఛాతీ డాక్టర్ మంచం దగ్గరికొచ్చి, "ఎవరు ఆపమన్నరు? సదువుకున్నదానివేనా నువ్వు?" అని వార్డంతా వినేట్టు తిట్టాడు. నోటికి మాస్కు ఉంది కాబట్టి జవాబు చెప్పలేకపోయాను. ఛాతీ ఒకరిది, కడుపు ఒకరిది. మధ్యలో మనిషి ఎవరిదో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

తర్వాత గొంతు పోయింది. ఒక్కసారిగా కాదు. ముందు బొంగురుపోయింది, ఆ తర్వాత పద్యం ఎత్తుకుంటే మధ్యలో తెగిపోవడం మొదలైంది. ఎగదన్నే ఆమ్లం గొంతును కాలుస్తోందని అప్పుడు నాకు తెలియదు. బడిలో నలభై మంది పిల్లలున్న తరగతిలో వెనక బెంచీకి వినపడేట్టు పద్యం చదవడం నా గొప్ప. బతుకమ్మ నాడు మా లైన్లో పాట ఎత్తుకునేది నేనే. అత్తమ్మకు నా మీద మిగిలిన గర్వం అదొక్కటే. ఆ ఏడు పాట ఎత్తుకుని రెండో చరణంలో ఆగిపోయాను. ఆడవాళ్ళు చప్పట్లు ఆపకుండా కాసేపు చూశారు, ఆ తర్వాత వేరే ఆమె అందుకుంది. పక్కకు జరిగాను. మరుసటి ఏడు నన్ను ఎవరూ పాట ఎత్తుకొమ్మనలేదు.

బడి కరస్పాండెంట్ నన్ను గదిలోకి పిలిచి, చాలా మర్యాదగా కుర్చీ చూపించాడు. ఆ మర్యాదతోనే అర్థమైంది.

"మేడం, పిల్లలు ఇంటికి పోయి మీ దగ్గు యాక్టింగ్ చేసి చూపిస్తున్నరట. తల్లిదండ్రులు అడుగుతున్నరు, అంటుకునే రోగమా అని."

"కాదు సార్. డాక్టర్‌తోని రాయించుకొస్త."

"నాకు తెలుసు మేడం. వాళ్ళకు తెలవాలె కద. కొన్ని రోజులు రెస్టు తీసుకోండ్రి. మంచిగైనంక మనమే పిలుస్తం."

మంచిగయ్యే జబ్బు కాదని ఇద్దరికీ తెలుసు. లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను. ఎదురుగా నా తరగతి పిల్లలు వరసగా నీళ్ళ కుండ దగ్గర నిలబడి ఉన్నారు. ఒకడు నన్ను చూసి దగ్గాడు. మిగతావాళ్ళు నవ్వాపుకున్నారు. వాడు చదువులో చురుకైనవాడు, నాకిష్టమైనవాడు కూడా. ఇప్పటికీ వాడి మీద కోపం పోలేదు. పిల్లవాడి మీద కోపమేమిటని నన్ను నేను అడుగుతుంటాను. పోలేదు, అంతే.

మా పక్క క్వార్టర్‌లో కోస్తా వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆయన బాయిలో చిన్న ఆఫీసరు. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. గోడ అవతల నుంచి నా దగ్గు వినీ వినీ, ఒకరోజు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమండీ, ఏమీ అనుకోకండి. మీరు తిన్న తర్వాతే ఎక్కువ దగ్గుతారు. గమనించారా?"

నేను గమనించలేదు. ఇన్నాళ్ళూ నా దగ్గును అంత శ్రద్ధగా విన్న మనిషి ఆమె ఒక్కతే. కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ ఉందని, వాళ్ళ చెల్లెలిని ఆమెకే చూపించారని చెప్పి, తనే తోడు వచ్చింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. ఎక్స్‌రేలు, గోలీలు అన్నీ చూసి పక్కన పెట్టింది.

"రాత్రి అన్నం ఎప్పుడు తింటరు?"

"మా ఆయన డ్యూటీ నుంచి వచ్చినంక."

"అంటే?"

"రెండో షిఫ్టు మేడం. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అయితది. స్నానం చేసి ఆయన తిన్నాక నేను తింటా."

"తిన్నాక ఎంతసేపటికి పడుకుంటరు?"

నవ్వొచ్చింది నాకు. ఆ వేళప్పుడు తిన్నాక పడుకోక ఏం చేస్తారు? గిన్నెలు కడిగి వెంటనే పడుకుంటానన్నాను.

ఆమె కాగితం మీద కడుపు బొమ్మ గీసింది. పైన మూత సరిగా పడటం లేదని, నిండు కడుపుతో పడుకుంటే లోపలిదంతా పైకి వచ్చి ఊపిరి దారిలో పడుతోందని, దగ్గు దానిని ఇంకా తోస్తోందని చెప్పింది. దమ్ము మందులు ఆపొద్దంది, ఒకటి మార్చింది. పొద్దున్నే టీకి ముందు వేసుకునే గోలీ ఇచ్చింది. పొద్దుగూకేసరికి తినెయ్యాలంది. తిన్నాక మూడు గంటలదాకా నడుం వాల్చొద్దంది. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టమంది. చింతపండు, కారం, టీ తగ్గించమంది. బొగ్గుల పొయ్యి ఇంట్లో ఉండకూడదంది.

"రెండు జబ్బులు కావమ్మా ఇవి, ఒకదాన్నొకటి మేపుతున్నయి. మందులతో సగమే అయితది. మిగిలిన సగం మీ ఇంట్ల ఉన్నది" అంది.

బస్సులో తిరిగి వస్తుంటే మొదటిసారి ధైర్యంగా అనిపించింది. ఆ ధైర్యం వంటింటి గుమ్మం దాకా ఉంది.

ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు కంచంలో ఇంత అన్నం, పెసరపప్పు వేసుకుని కూర్చున్నాను. అత్తమ్మ చూసి, ఒక నిమిషం నమ్మలేదు.

"ఏందే, మొగోడు బాయిల ఉండంగ నువ్వు తింటున్నవా?"

"డాక్టర్ చెప్పింది అత్తమ్మా. పొద్దుగూకంగనే తినాలె అన్నది."

"భూమి లోపటికి పోయినోడు పైకి వస్తడో రాడో తెల్వది. ఆడు వచ్చి కాళ్ళు కడుక్కునేదాక మెతుకు ముట్టలే నేను ఎన్నడు. మీ మామ ఉన్నన్ని దినాలు ముట్టలే. నువ్వు గింత బువ్వ కోసం ఆగలేవా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నాటకం కాదు. బాయిలో కప్పు కూలి మనుషులు పోయిన రోజులు చూసిన మనిషి ఆమె. తన ఉపవాసమే మొగుణ్ణి, కొడుకును పైకి లాగుతోందని నమ్మింది. అయినా తిన్నాను.

మా ఆయనకు ఇంట్లోకి అడుగు పెట్టగానే సంగతి చేరింది. "నీ ఇష్టం" అన్నాడు. తర్వాత కొన్నాళ్ళకు ఇంట్లో తినడమే తగ్గించాడు. గేటు బయట హోటల్లో ఏదో తిని వచ్చేవాడు. వండింది వండినట్టే ఉండేది. పొద్దున్నే అత్తమ్మ ఆ అన్నాన్ని నా ఎదురుగా లైన్లో ఎవరివో గేదెల కుడితిలో పోసేది. మంచం కింద ఇటుకలు పెడితే, కాళ్ళ వైపు జారిపోతున్నానని చాప తీసుకుని ముందు గదిలోకి మారాడు. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అయినా వారంలో సగం రోజులు నేను మళ్ళీ అర్ధరాత్రి దాకా ఆగి తిన్నాను, ఇంట్లో ఆ మౌనం భరించలేక. అలా ఆగి తిన్న రోజు దగ్గేదాన్ని. ఆగని రోజు దోషిలా కూర్చునేదాన్ని. పక్కింటామె మాత్రం గోడ అవతల నుంచి, "తిన్నారా?" అని సాయంత్రాలు అడిగేది. ఆమె అడగడం కోసమే తిన్న రోజులున్నాయి.

అప్పుడు తెలంగాణ కోసం పెద్ద సమ్మె వచ్చింది. బాయిలు బంద్ అయ్యాయి. రోజులకు రోజులు మోటారు చప్పుడు లేదు, సైరన్ లేదు. మా ఆయన పగలంతా ధర్నాలో కూర్చుని సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. రోడ్ల మీద వంటావార్పు పెడితే అత్తమ్మ కూడా వెళ్ళి కూర కలిపి వచ్చింది. నేను పొగకు దూరంగా చెట్టు కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోశాను.

పెళ్ళయ్యాక మొదటిసారి మా ఇంట్లో ముగ్గురమూ పొద్దుగూకే వేళకు కలిసి అన్నం తిన్నాం. మా ఆయన ఉద్యమం కబుర్లు చెప్పేవాడు. తిన్నాక బయట కూర్చునేవాళ్ళం. వారం తిరిగేసరికి నా దగ్గు సగమైంది. మంట దాదాపు పోయింది. ఒక పొద్దున బట్టలు ఆరేస్తూ నాకు తెలియకుండానే పాట పాడుతున్నాను. గొంతు పూర్తిగా రాలేదు, కానీ తెగలేదు. జీతాలు లేక ఊరంతా దిగులుగా ఉంటే, నేను లోపల్లోపల ఈ సమ్మె ఇంకొన్నాళ్ళు సాగితే బాగుండుననుకున్నాను.

ఆ రోజుల్లోనే మా ఆయనతో పనిచేసే ఒకతను ఇంటికొచ్చాడు. మా ఆయన ఇంకా రాలేదు. టీ ఇచ్చి, మాటల్లో అన్నాను.

"సమ్మె అయిపోయినంకనన్న మీ అన్నకు షిఫ్టు మార్చుమని చెప్పు తమ్మీ. అందరికి వారం వారం మారుతది, ఈయనకే ఎప్పుడు రెండో షిఫ్టే ఏస్తరు పైనోళ్ళు."

అతను టీ గ్లాసు దించి నావైపు వింతగా చూశాడు.

"పైనోళ్ళు ఎక్కడేస్తరు వదినా? అన్నకు గూడ వారం వారం మారుతది. మా రెండో షిఫ్టు అడిగి తీసుకుని, ఆయన మొదటి షిఫ్టు మాకిస్తడు. ఎన్నేండ్లసంది గట్లనే. అన్న మంచోడని మేమందరం అనుకుంటం."

అతను నిజంగానే మెచ్చుకోలుగా చెప్పాడు.

అతను వెళ్ళాక మా ఆయన వచ్చాడు. అత్తమ్మ గుడికి పోయింది. అడిగేశాను.

"బావా, రెండో షిఫ్టు నువ్వే అడిగి తీసుకుంటున్నవట, నిజమా?"

కాళ్ళు కడుక్కుంటున్నవాడు చెంబు కింద పెట్టాడు. అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పి ఉంటే బాగుండేది.

"నిజమే."

"ఎందుకు?"

చాలాసేపు తువ్వాలుతో చేతులే తుడుచుకున్నాడు.

"సాయంత్రం అయితె నీ దగ్గు షురువైతది. ఆ సప్పుడు నాకు వశపడది. మా నాయిన గట్లనే దగ్గి దగ్గి పాయె, నేను పక్కన కూసుండి సూసిన. బాయి కింద నిమ్మలముంటది."

తువ్వాలు దండెం మీద వేసి, మిగతాది చెప్పకుండా లోపలికి పోయాడు. నేనూ అడగలేదు. ఆయన బాధ నాకు అర్థం కాలేదని కాదు, అర్థమైంది. కానీ నా దగ్గు వినలేక ఆయన ఎంచుకున్న షిఫ్టు వల్లే నేను అర్ధరాత్రి తిన్నాను. అర్ధరాత్రి తిన్నందువల్లే అంత దగ్గాను. ఈ సంగతి ఆయనకు విడమరిచి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే కుంగిపోతాడని ఆగాను. అందరూ దాన్ని నా మంచితనం అంటారేమో. కాదు. చెప్పినా షిఫ్టు మారదేమోనని భయం.

సమ్మె ముగిసింది. మొదటి వారమే ఆయన రెండో షిఫ్టుకు పోయాడు. టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చాను. ఆయన సైకిల్ మలుపు తిరిగాక, వెనక వాకిట్లో ఉన్న బొగ్గుల పొయ్యి దగ్గరికి వెళ్ళాను. నిప్పుల మీద నీళ్ళు పోశాను. చల్లారాక పలుగుతో మట్టిపూత పగలగొట్టి, ఇనుప చట్రం పాత సామాన్ల బండివాడికి ఇచ్చేశాను. అత్తమ్మ అరిచింది, ఏడ్చింది, మా నాన్న పేరెత్తి శాపనార్థాలు పెట్టింది. సిలిండర్ మీది ఎర్ర గుడ్డ తీసి, వంట మొదలుపెట్టాను. ఆ రోజు నుంచి ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా పొద్దుగూకేసరికి తింటున్నాను. నెల తిరక్కుండానే అత్తమ్మ నస్పూర్‌లో ఉండే కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మొగుడికన్నా ముందు తినే ఇంట్లో నీళ్ళు కూడా ముట్టనని లైన్లో అందరికీ చెప్పి మరీ వెళ్ళింది. కిటికీలోని నా కంచాన్ని ఆ సాయంత్రం నేనే తీసి అందరి కంచాల్లో కలిపాను. కలపడానికి ఇంట్లో పెద్దగా కంచాలు మిగల్లేదు.

పక్కింటివాళ్ళు కూడా ఆయన రిటైరయ్యాక వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు ఆమె నా చేతులు పట్టుకుని, "వేళకు తినండి" అంది. ఆ ఉద్యమం రోజుల్లో, కోస్తా వాళ్ళని, వాళ్ళ గేటు మీద ఎవరో బొగ్గుతో వెళ్ళిపొమ్మని రాశారు. దాని గురించి మేమిద్దరం ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. ఆమె పోయాక సాయంత్రాలు ఇంకా పెద్దవయ్యాయి.

తెలంగాణ వచ్చిన రోజు ఊరంతా టపాకాయలు కాల్చారు. నేను కోరుకున్నదే, మా నాన్న కోరుకున్నదే. కిటికీలు మూసి, సందుల్లో తడి గుడ్డలు కుక్కి, లోపల కూర్చుని పంపు పీల్చుకుంటూ విన్నాను.

కొన్నాళ్ళకు మా ఆయన పనిచేసే బాయి మూతపడింది. నేల మీది నుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో, పగటిపూట ఉండే జనరల్ షిఫ్టు వేశారు. ఈసారి మార్చుకోవడానికి ఎవరూ లేరు. సాయంత్రానికే ఇల్లు చేరడం మొదలుపెట్టాడు. మొదటిరోజు స్నానం చేసి వచ్చి, పీట వాల్చుకుని, నా కోసం కూడా ఒక పీట వేశాడు.

"నువ్వు గూడ కూసో" అన్నాడు.

"నేను తిన్న" అన్నాను.

నిజమే చెప్పాను. ఆయన వచ్చే వేళ నాకు తెలుసు, అరగంట ఆగితే ఇద్దరం కలిసి తినొచ్చనీ తెలుసు. ఆగలేదు. ఆయన నా పీట వైపు కాసేపు చూసి, తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు. పప్పులో కారం లేదని కూడా అనలేదు. వడ్డించి బయటికొచ్చి మెట్టు మీద నిటారుగా కూర్చున్నాను. లోపలి నుంచి ఆయన నీళ్ళు తాగిన చప్పుడు, కంచం పక్కకు జరిపిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఆయన దగ్గాడు, పొలమారింది కాబోలు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.